బీఎంటీకి ముందు, తర్వాత: సంతానం కోసం ఏ దారి ఎవరికి?

తలసేమియా మేజర్ గానీ సికిల్ సెల్ గానీ (రెండూ పుట్టుకతో వచ్చే రక్త జబ్బులే) ఉన్న బిడ్డకు మ్యాచ్ దొరికి, వెల్లూరులోనో హైదరాబాదులోనో బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడికి, అంటే బీఎంటీకి, తేదీ ఇచ్చారంటే ఇంట్లో అందరి ధ్యాసా డబ్బు మీద, దాత మీద, అక్కడ నెలల తరబడి ఉండాల్సిన గది మీద ఉంటుంది. పదేళ్ల బిడ్డకు పెళ్లీ పిల్లల సంగతి ఇప్పుడెందుకని ఎవరూ ఆ మాట ఎత్తరు. కానీ ఆ సంగతి తేల్చుకోవడానికి దొరికే సమయం ఆ తేదీకి ముందున్న మూడు నాలుగు వారాలే. పాత మజ్జను తుడిచేసే కండిషనింగ్ కీమో మొదటి డోసు ఎక్కాక కొన్ని దారులు మళ్లీ తెరుచుకోవు.

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి మార్పిడికి వెళ్లబోతున్న కుటుంబాలకూ, మార్పిడి అయిపోయి ఇప్పుడు పెళ్లీడుకు వచ్చినవాళ్లకూ ఉన్న దారులు వేరు. అందుకే రెండింటినీ విడివిడిగా చూద్దాం.

## ఎంచుకునే ముందు తెలియాల్సినవి

వయసు కాదు, ఎదుగుదల. పన్నెండేళ్లకే పెద్దమనిషి అయిన పాప ఉంటుంది. ఒంట్లో ఇనుము పేరుకుపోయి పదహారేళ్లు వచ్చినా కాని పాప కూడా ఉంటుంది. అండాలు, వీర్యం దాచడం కుదురుతుందా అన్నది పుట్టిన తేదీని బట్టి కాదు, ఈడేరడాన్ని బట్టి ఉంటుంది.

కండిషనింగ్‌లో ఏ మందులు. సంతానశక్తిని దెబ్బతీసేది కొత్తగా ఎక్కించే మూలకణాలు కాదు. పాత మజ్జను తుడిచేయడానికి వాటికి ముందు ఇచ్చే మందులు. వాటిలో బుసల్ఫాన్ అండాశయాలకు బాగా చేటు. పూర్తి మోతాదు బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి తీసుకున్న ఆడపిల్లల్లో ఎక్కువ మందికి అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. ట్రియోసల్ఫాన్ వాడిన పద్ధతుల్లో ఈ నష్టం తక్కువగా కనిపిస్తోంది, అసలు లేదని మాత్రం కాదు. పెద్దవయసు సికిల్ రోగులకు తోబుట్టువు దాతగా ఉన్నప్పుడు వాడే ఆలెమ్‌ట్యుజుమాబ్, 300 సెంటీగ్రే తక్కువ మోతాదు రేడియేషన్ పద్ధతి ఇంకా తేలిక. అలాగని సంతానం కోసం తేలిక మందులే ఇమ్మని డాక్టరుతో బేరమాడొద్దు. మోతాదు తగ్గితే దాత మజ్జ నిలవకపోయే ప్రమాదం పెరుగుతుంది, తలసేమియాలో మరీను. మజ్జ నిలవడమే మొదటి గురి. సంతానానికి వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. జీన్ థెరపీకి వెళితే ఈ గొడవ ఉండదనుకునేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అనుమతి ఉన్న జీన్ థెరపీల్లోనూ ముందు బుసల్ఫానే ఇస్తారు.

ఇనుము అప్పటికే చేసిన నష్టం. ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకున్న తలసేమియా పిల్లల్లో ఇనుము మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చేరుతుంది. అండాశయానికీ వృషణానికీ పని చెప్పే హార్మోన్లు అక్కడి నుంచే వస్తాయి. మార్పిడికి ముందే అది దెబ్బతిని ఉండొచ్చు.

చేతిలో ఎన్ని రోజులు, ఎంత దూరం. అండాలు దాచాలంటే రెండు వారాలు ఫెర్టిలిటీ సెంటర్ దగ్గరే ఉండాలి. మన వాళ్లకు దగ్గరిది విశాఖపట్నమే. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు రోజూ తిరగడం అలసటతోనైనా కుదురుతుంది. ఇచ్ఛాపురం నుంచో సీతంపేట ఏజెన్సీ నుంచో కుదరదు, అక్కడే గది తీసుకోవాలి.

## మార్పిడికి ముందు ఎవరికి ఏది

| ఎవరు | దారి | పట్టే సమయం | ఎంతవరకు నమ్మొచ్చు |
|---|---|---|---|
| ఈడేరిన అబ్బాయి | వీర్యం ఫ్రీజ్ చేయడం | వారం లోపు | బాగా స్థిరపడిన పద్ధతి |
| పెద్దమనిషి అయిన అమ్మాయి | అండాలు ఫ్రీజ్ చేయడం | సుమారు 2 వారాలు | స్థిరపడిన పద్ధతి |
| పెళ్లయిన మహిళ | పిండాలు లేదా అండాలు | సుమారు 2 వారాలు | స్థిరపడిన పద్ధతి |
| ఇంకా పెద్దమనిషి కాని పాప | అండాశయ కణజాలం ఫ్రీజ్ చేయడం | ఒక చిన్న ఆపరేషన్ | పిల్లలు పుట్టారు, చేసే సెంటర్లు తక్కువ |
| ఈడేరని బాబు | వృషణ కణజాలం దాచడం | ఒక చిన్న ఆపరేషన్ | ఇంకా పరిశోధన దశే |

### అబ్బాయిలు: అన్నిటికన్నా తేలిక, అయినా ఎక్కువగా వదిలేసేది ఇదే

పదమూడు పద్నాలుగేళ్లకు ఈడేరిన అబ్బాయి నుంచి వీర్యం దాచొచ్చు. సూది లేదు, మత్తు లేదు, ఖర్చూ తక్కువ. చాలా ఇళ్లలో ఇది ఆగిపోయేది సిగ్గు దగ్గర. అమ్మ ముందు, నాన్న ముందు ఆ కుర్రాణ్ణి అడిగితే తల దించుకుని వద్దంటాడు. డాక్టరుగానీ మగ నర్సుగానీ అబ్బాయిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలని తల్లిదండ్రులే అడగాలి.

పద్ధతి ఇది. శాంపిల్‌కు ముందు రెండు మూడు రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. వీలైతే రెండు రోజుల తేడాతో రెండు మూడు శాంపిళ్లు ఇవ్వాలి. శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు అందాలి కాబట్టి పార్వతీపురంలో తీసి విశాఖ పట్టుకెళ్లడం కుదరదు, అక్కడికే వెళ్లి ఇవ్వాలి. కణాలు తక్కువున్నాయని రిపోర్టు వస్తే వదిలేయొద్దు. వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతిలో ఒక్కో అండానికి బతికున్న ఒక్క కణం చాలు. శాంపిల్ ఇవ్వలేకపోతే మత్తిచ్చి వృషణం నుంచే తీసే వీలుంది.

సికిల్ అబ్బాయిల్లో నొప్పులు తగ్గించడానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వీర్యకణాల సంఖ్యను తగ్గిస్తుంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మందు ఆపి మూడు నెలలు ఆగితే శాంపిల్ మెరుగవ్వొచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు, నొప్పుల క్రైసిస్ తిరగబెడుతుంది. ఆ మూడు నెలలు రక్త మార్పిడితో నెట్టుకురావచ్చా అన్నది హెమటాలజిస్టు చెప్పాలి. వ్యవధి లేదంటే ఉన్న శాంపిలే దాచేయండి.

ఇంకో మాట. రక్తం చాలాసార్లు ఎక్కించుకున్నవాళ్లలో కొందరికి హెపటైటిస్ సి, బి ఉంటాయి. అలాంటి శాంపిళ్లకు వేరే ట్యాంకు కావాలి, అది అన్నిచోట్లా ఉండదు. హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) రిపోర్టులు తాజాగా చేయించి, ముందే ఫోన్‌లో చెప్పి వెళితే గుమ్మం దాకా వెళ్లి తిరిగి రావాల్సిన పని ఉండదు.

### అమ్మాయిలు: అండాలా, కణజాలమా

అండాలు దాచడానికి నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. 10 నుంచి 12 రోజులు రోజూ ఇంజెక్షన్లు, మధ్యలో నాలుగైదు స్కానింగులు. అండాలు పక్వమయ్యేలా చేసే చివరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చిన 35, 36 గంటలకు సూదితో అండాలు తీస్తారు. పెళ్లికాని అమ్మాయికి యోని ద్వారా చేస్తారేమోనని తల్లులు జంకి వెనక్కి తగ్గుతుంటారు. స్కానింగ్ పొట్ట మీద నుంచి చేయొచ్చు. అండాలు తీయడం కూడా కొందరికి పొట్ట మీద నుంచే చేస్తారు. నోరు తెరిచి అడగండి, అడగడంలో తప్పు లేదు.

మామూలు అమ్మాయికీ మన పిల్లలకూ ఇక్కడ తేడా ఉంది. అది ఫెర్టిలిటీ డాక్టరుకు తెలియకపోతే చిక్కు వస్తుంది.

సికిల్ ఉన్న అమ్మాయికి ఈస్ట్రోజెన్ పెరిగితే రక్తం గడ్డకట్టడం, క్రైసిస్ రెండూ రావచ్చు. అందుకని యాంటాగనిస్ట్ పద్ధతి, దానితోపాటు ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర, గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు, ముందుగా రక్త మార్పిడితో సికిల్ హిమోగ్లోబిన్‌ను (హెచ్‌బీ-ఎస్) 30 శాతం లోపుకు తేవడం, వీటన్నిటి గురించీ మాట్లాడుకోవాలి. అండాలు తీసే రోజు నీళ్లు మానేసి ఎక్కువసేపు ఉంచకూడదు, సెలైన్ పెట్టాలి.

తలసేమియా అమ్మాయికి చిక్కు మరోచోట. అండాశయం ఉబ్బిపోకుండా ఈ మధ్య డాక్టర్లు ఎక్కువగా అగోనిస్ట్ ట్రిగ్గర్ ఇస్తున్నారు. అది పిట్యూటరీని తట్టి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఇనుముతో పిట్యూటరీ దెబ్బతిని ఉంటే ఆ ఇంజెక్షన్ పనిచేయదు, చివర్లో అండాలు దొరకవు. అలాంటివాళ్లకు హెచ్‌సీజీ ట్రిగ్గర్ కావాలి, రోజువారీ ఇంజెక్షన్లలోనూ ఎల్‌హెచ్ ఉన్న హెచ్‌ఎంజీ కావాలి. కాబట్టి మొదలుపెట్టేముందే పిట్యూటరీ హార్మోన్లైన ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ చూపించుకోండి. ప్లీహం తీసేసిన అమ్మాయికి ప్లేట్‌లెట్లు ఎక్కువుంటాయి, ఆమెకూ గడ్డల భయం ఉంది.

ఇంకా పెద్దమనిషి కాని పాపకు ఉన్న దారి ఒక్కటే, అండాశయ కణజాలం. లాపరోస్కోపీతో ఒక అండాశయమో, అందులో కొంత భాగమో తీసి, పైపొరను సుమారు ఒక మిల్లీమీటరు మందపు పట్టీలుగా కోసి ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల వద్ద ఉంచుతారు. కండిషనింగ్ కోసం ఎలాగూ సెంట్రల్ లైన్ వేయడానికి మత్తిస్తారు. అదే మత్తులో ఇదీ చేయిస్తే పాపకు ఒక మత్తు తప్పుతుంది. ఈ మాట ఇద్దరు డాక్టర్లకూ కలిపి ముందే చెప్పాలి.

దీన్ని ప్రయోగమని కొట్టిపారేసే రోజులు పోయాయి. అమెరికా సంతాన వైద్యుల సంఘం 2019లోనే ప్రయోగం అనే ముద్ర తీసేసింది. బెల్జియంలో 13 ఏళ్లప్పుడు కణజాలం దాచుకున్న సికిల్ అమ్మాయికి 2014లో బిడ్డ పుట్టింది. దుబాయికి చెందిన తలసేమియా అమ్మాయికి 9 ఏళ్లప్పుడు తీసిన అండాశయాన్ని తిరిగి అమరిస్తే 2016లో లండన్‌లో కాన్పయింది. కేన్సర్ పిల్లల్లో దాచిన కణజాలంతోపాటు కేన్సర్ కణాలు తిరిగి ఒంట్లోకి వస్తాయేమోనన్న భయం ఉంటుంది. మన రక్త జబ్బుల్లో ఆ భయం లేదు. తిరిగి అమర్చాక హార్మోన్లు మొదలవడానికి నాలుగైదు నెలలు పడుతుంది, కొన్నేళ్లు పనిచేస్తుంది. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే అమర్చుకోవాలి, ముందే తొందరపడకూడదు.

కష్టం ఎక్కడంటే, ఇది చేసే ల్యాబులు పెద్ద నగరాల్లోనే ఉన్నాయి, అవీ కొన్నే. మార్పిడి జరిగే ఆసుపత్రిలోనే అడగడం మొదటి మెట్టు.

పెద్దమనిషి అయిన అమ్మాయికి రెండు దారులూ ఉంటే ఏది? రెండు వారాలుండి, ఒంట్లో నిలకడ ఉంటే అండాలు. తేదీ ముంచుకొస్తుంటే, క్రైసిస్‌లు వరసగా వస్తుంటే కణజాలం. పెళ్లయిన ఆమె కూడా పిండాలతో పాటు కొన్ని అండాలు విడిగా దాచుకోవడం మేలు. పిండం మీద ఇద్దరికీ హక్కుంటుంది, అండం ఆమె ఒక్కదానిదే. నెలసరి ఆపే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌ను కొందరు వీటికి బదులుగా ఇస్తామంటారు. కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు రక్తస్రావం ఆపడానికి అది పనికొస్తుంది. బుసల్ఫాన్ నుంచి అండాశయాన్ని కాపాడుతుందని మాత్రం నమ్ముకోవద్దు.

ఈడేరని బాబు విషయంలో నిజం చెప్పాలి. వృషణ కణజాలం దాచడం పరిశోధనగానే జరుగుతోంది. ఆపరేషన్‌కు డబ్బు అప్పు చేసి మరీ దానికోసం పరుగెత్తమని చెప్పలేం. ఎక్కడైనా పరిశోధనలో భాగంగా ఖర్చు లేకుండా చేస్తామంటే ఒప్పుకోవచ్చు.

### దాచేటప్పుడు సంతకం పెట్టే ముందు

ఏటేటా నిల్వ ఫీజు ఎంత, కట్టకపోతే ఎన్నాళ్లు ఆగుతారు, సెంటర్ మూతపడితే శాంపిల్ ఎక్కడికి వెళుతుంది, బిడ్డకు 18 నిండాక హక్కు ఎవరిది? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలకు సంబంధించినది) దాత ఇచ్చిన అండాలకూ వీర్యానికీ, పిండాలకూ పదేళ్ల నిల్వ గడువు పెట్టింది. అదే చట్టం ప్రకారం ఈ చికిత్సలు తీసుకోవడానికి స్త్రీకి 21 ఏళ్లు నిండాలి. ఎనిమిదేళ్ల పాప కణజాలానికి పదేళ్లు సరిపోవు. అందుకని సొంత కణజాలం ఎన్నేళ్లు ఉంచుతారో, పొడిగింపు ఎలాగో రాయించుకోండి. ఫోన్ నంబరు మారితే సెంటర్‌కు చెప్పడం మరవొద్దు.

## మార్పిడి అయిపోయినవాళ్లకు: ముందు హార్మోన్ల లెక్క

ఏమీ దాచుకోకుండా మార్పిడి అయిపోయినవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. అంతమాత్రాన దారి లేదనుకోవద్దు. చెడింది పిట్యూటరీయా, అండాశయం లేదా వృషణమా అన్నది తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే. కింది పట్టికలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పిట్యూటరీ నుంచి వచ్చేవి, ఏఎంహెచ్ అండాశయంలో మిగిలిన అండాలను సూచించేది.

| రిపోర్టు | అర్థం | దారి |
|---|---|---|
| ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తక్కువ. ఏఎంహెచ్ ఉంది | పిట్యూటరీ పని చేయడం లేదు, అండాశయం ఉంది | గొనడోట్రోపిన్ (ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్) ఇంజెక్షన్లతో సొంత అండాలు |
| ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువ. ఏఎంహెచ్ దాదాపు లేదు | అండాశయం దెబ్బతింది | దాచినవి, దాత అండాలు, దత్తత |
| ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువ. ఏఎంహెచ్ కూడా లేదు | రెండూ దెబ్బతిని ఉండొచ్చు | ఇంజెక్షన్లతో లాభం తక్కువ |
| అన్నీ మామూలు, నెలసరి సరిగా ఉంది | అండాశయం బతికింది | ఆలస్యం చేయకుండా సొంతంగా ప్రయత్నం |

మూడో వరుస దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అండాశయం పోతే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగాలి. పిట్యూటరీ కూడా పోయినవాళ్లలో అది పెరగలేదు, కాబట్టి రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. ఒక్క ఎఫ్‌ఎస్‌హెచ్ చూసి బాగుందని తేల్చేయొద్దు, ఏఎంహెచ్ తోడుండాలి.

అబ్బాయిలకు వీర్య పరీక్ష తప్ప మరో దారి లేదు. మగ హార్మోన్ తయారుచేసే కణాలు మొండివి, వీర్యం తయారుచేసేవి సున్నితం. మీసం వచ్చి, గొంతు మారి, సంసారానికి ఏ లోటూ లేని కుర్రాడికి కూడా వీర్యంలో కణాలు ఒక్కటీ లేకపోవచ్చు. పెళ్లికి ముందే ఈ పరీక్ష చేయించుకుంటే, పిల్లలు కలగలేదని కోడల్ని ఆడిపోసుకునే పరిస్థితి రాదు. పిట్యూటరీ లోపమైతే హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఓపికగా వాడాలి. వృషణమే దెబ్బతింటే ఆ ఇంజెక్షన్లు దండగ.

అండాశయం పనిచేయని అమ్మాయికి పిల్లల ఆలోచన ఉన్నా లేకున్నా ఈస్ట్రోజెన్ కావాలి. అది లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, గర్భసంచి చిన్నగానే ఉండిపోతుంది. రేపు దాత అండంతో గర్భం మోయాలన్నా ఎదిగిన గర్భసంచి ఉండాలి. అప్పుడప్పుడూ అండాశయం ఏళ్ల తర్వాత దానంతట అదే మేలుకుంటుంది కూడా. కాబట్టి గర్భం ఇప్పుడే వద్దనుకునేవాళ్లు జాగ్రత్తలు మానకూడదు.

దాత అండం తీసుకునేవాళ్లకు ఒక గట్టి సూచన. దాతకు తలసేమియా, సికిల్ ఉన్నాయేమో చెప్పే హెచ్‌పీఎల్‌సీ రక్త పరీక్ష అయిందో లేదో అడగండి. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. అంత తక్కువ అండాలు చేతికొచ్చాక దాతకు తలసేమియా మైనర్ (జబ్బు లేకుండా దాని జన్యువు ఒక్కటి మోయడం) ఉందని తెలిస్తే చేయగలిగింది తక్కువ.

## రక్తం మారింది, విత్తనం మారలేదు

"రగతం మారిపోనాది కదా, మరేటి భయం?" అని పెద్దవాళ్లు అడుగుతారు. మజ్జ మారితే రక్తం మారుతుంది. అండాల్లోనూ వీర్యకణాల్లోనూ ఉండే జన్యువులు పుట్టుకతో వచ్చినవే. తలసేమియా మేజర్‌కు మార్పిడి చేయించుకున్న మనిషి బిడ్డకు ఇచ్చేది జబ్బు జన్యువునే, ప్రతిసారీ.

జీవిత భాగస్వామికి ఏమీ లేకపోతే పిల్లలందరూ మైనర్లే, జబ్బు ఉండదు. భాగస్వామి మైనర్ అయితే ప్రతి గర్భంలోనూ సగానికి సగం అవకాశం జబ్బుతో పుట్టడానికి. సికిల్ మనిషి తలసేమియా మైనర్‌ను చేసుకున్నా అంతే, పిల్లలకు సికిల్-బీటా తలసేమియా వస్తుంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో ఏజెన్సీ గ్రామాల్లో కార్డులిచ్చారు. ఆ కార్డు మీద సికిల్ లేదని ఉంటే తలసేమియా మైనర్ కూడా లేదని కాదు. భాగస్వామికి హెచ్‌పీఎల్‌సీ చేయించాల్సిందే. హెచ్‌బీ-ఏ2 3.5 శాతం దాటిందంటే మైనర్ అన్న అనుమానం గట్టిదే.

మేనరికం మన వైపు మామూలు. లెక్క చూడండి. బిడ్డకు మేజర్ వచ్చిందంటే తల్లి మైనర్. ఆమె తమ్ముడు మైనర్ అయ్యే అవకాశం సగం. మార్పిడైన అమ్మాయిని పరీక్ష లేకుండా మేనమామకిస్తే ప్రతి కాన్పులో నాలుగో వంతు ముప్పు. మేనబావకిస్తే ఎనిమిదో వంతు. సంబంధం మానుకోమని కాదు, మాట ఇచ్చుకునే ముందు ఒక్క రక్త పరీక్ష చేయించమని.

ఆసుపత్రుల్లోనే జరిగే పొరపాటు ఇంకోటి. మార్పిడైన గర్భిణి రక్తం పరీక్షిస్తే వచ్చేది దాత రిపోర్టు. దాతకు ఏమీ లేకపోతే "నార్మల్" అని, దాతగా నిలిచిన అన్నకు మైనర్ ఉంటే "మైనర్" అని వస్తుంది. కొత్త డాక్టరు "నార్మల్" అని చూసి భర్తకు పరీక్ష అక్కర్లేదంటారు. జన్యు పరీక్షకూ రక్తం పనికిరాదు. లాలాజలంలోనూ రక్తకణాలు కలుస్తాయి. మార్పిడికి ముందు తీసిన డీఎన్‌ఏ రిపోర్టు ఉంటే అదే ప్రాణం. లేకపోతే ఆమె తల్లినీ తండ్రినీ పరీక్షించండి, రెండు మ్యుటేషన్లూ వాళ్ల రక్తంలో దొరుకుతాయి.

భాగస్వామి కూడా మైనర్ అని తేలితే రెండు దారులు. సహజంగా గర్భం వచ్చే జంటకు 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే సీవీఎస్ పరీక్ష ఖర్చు తక్కువ, త్వరగా తేలుతుంది. జబ్బుందని వస్తే గర్భం తీయించుకోవడానికి మనసు సిద్ధంగా ఉండాలి. అది భరించలేమనుకునేవాళ్లకూ, ఎలాగూ ఐవీఎఫ్ చేయించుకునేవాళ్లకూ పిండాన్ని గర్భంలోకి పంపేముందే పరీక్షించే పీజీటీ-ఎం సరిపోతుంది. అయితే అండాలు తక్కువుంటే పరీక్ష అయ్యాక పంపడానికి పిండం ఒక్కటీ మిగలకపోవచ్చు. మార్పిడి తర్వాత అండాలు కొద్దిగానే వచ్చే అమ్మాయికి మా ఓటు సీవీఎస్‌కే.

## గర్భానికి ముందు, కాన్పు దాకా

మార్పిడయ్యాక సాధారణంగా రెండేళ్లు ఆగమంటారు. జీవీహెచ్‌డీ (దాత కణాలు ఒంటి మీద దాడి చేసే జబ్బు) లేకుండా, మందులు ఆపి నిలకడగా ఉండాలి. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనోలేట్ బిడ్డకు అవయవ లోపాలు తెస్తుంది, కనీసం ఆరు వారాల ముందే ఆపాలి. అలాంటిదే సిరోలిమస్, దాన్ని 12 వారాల ముందు. ఇనుము తగ్గించే డెఫెరాసిరోక్స్ మాత్ర కూడా ఆపేయాలి. మిగిలిన ఇనుమును ఇప్పుడు మాత్రలతోనే కాదు, రెండు వారాలకోసారి రక్తం తీసేసి తగ్గించొచ్చు. మార్పిడి తర్వాత హిమోగ్లోబిన్ బాగుంటుంది కాబట్టే ఇది కుదురుతుంది. గర్భం రాకముందే ఇది ముగించుకోవాలి.

గుండెకు ఎకోతోపాటు వీలైతే టీ2 స్టార్ ఎంఆర్‌ఐ చేయించాలి, 20 మిల్లీసెకన్లు దాటితే గుండెలో ఇనుము లేనట్టు. థైరాయిడ్, షుగర్, లివర్ చూడాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు క్రియాటినిన్ తప్పనిసరిగా చూపించుకోండి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఒకవైపు, కిడ్నీ మీద భారం వేసే, ఇనుము తగ్గించే మందు ఏళ్ల తరబడి వాడి ఉండటం మరోవైపు. రుబెల్లా టీకా మార్పిడైన రెండేళ్ల తర్వాతే ఇస్తారు, వేసుకున్నాక నెల రోజులు గర్భం రాకూడదు. ఒళ్లంతా రేడియేషన్ పడినవాళ్లలో గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ ఎక్కువగా చూస్తాం. కాబట్టి వాళ్లు మొదటి నుంచీ విశాఖలో పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవడం మంచిది. మిగతావాళ్లు నెలవారీ పరీక్షలు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేయించుకుని, కాన్పు మాత్రం రక్తనిధి, పిల్లల ఐసీయూ రెండూ ఉన్నచోట పెట్టుకోవచ్చు.

కాన్పుకు వెళ్లేటప్పుడు ఫైల్లో పై కాగితంగా మార్పిడి డిశ్చార్జ్ సమ్మరీ పెట్టండి. దాతది వేరే గ్రూపైతే ఆమె బ్లడ్ గ్రూపు మారిపోయి ఉంటుంది. పాత ప్రిస్క్రిప్షన్ల మీద, కాలేజీ ఐడీ కార్డు మీద ఉన్న గ్రూపును ఎర్ర ఇంకుతో కొట్టేసి, కొత్త గ్రూపునూ, పరీక్షించిన తేదీనీ పక్కన రాయండి. ఇదివరకు ఎక్కించిన రక్తం వల్ల యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు కాబట్టి ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్ష నెలలు నిండకముందే చేయించి ఆ రిపోర్టు కూడా అక్కడే పెట్టండి.